చీకట్లో వెలిగే చుక్క: పిస్తోలు సైటుకు వెలుగు పూత చేసే మేలెంత?

చీకట్లో మెరిసేది ఏదైనా తెలుగులో రేడియమే. బండి వెనక అంటించే ఎర్ర పట్టీ రేడియం, గడియారం ముల్లు రేడియం, పిల్లల గది పైకప్పుకు అంటించే నక్షత్రాలూ రేడియమే. పిస్తోలు సైటు మీద, అంటే గురి చూసుకునే భాగం మీద, వెలుగు రంగు వేయాలనుకునేవారు కూడా "రేడియం పూస్తే సరిపోతుందా?" అనే అడుగుతారు. ఈ ఒక్క మాట చాటున నాలుగు వేర్వేరు వస్తువులు దాగి ఉన్నాయి. ఒకటి తన మీద పడిన వెలుతురును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. బండి వెనక పట్టీ చేసే పని అదే. ఒకటి పగటి వెలుతురులో కళ్లు జిగేల్మనేలా కనిపిస్తుంది, చీకటి పడితే మాత్రం మామూలు రంగే. ఒకటి వెలుతురును తాగి దాచుకుని, తర్వాత కొద్దికొద్దిగా వదులుతుంది. చివరిది తనలోని రేడియోధార్మికతతో తానే వెలుగుతుంది. పూత వేసి నిరాశపడినవారిలో చాలామంది మూడోదాన్ని కొని, దాని నుంచి నాలుగోదాని పని ఆశించినవారే.

ఏ పూత మంచిదన్న ప్రశ్నకు ముందు, సైటు ఏ పని చేస్తుందో ఒకసారి దగ్గరగా చూడాలి.

పిస్తోలు మీద సైట్లు రెండు. నాళం కొస వైపు నిలబడి ఉండే చిన్న దిమ్మ ముందు సైటు. కంటి వైపు కొసన ఉండే పలకలో నలుచదరపు గాడి వెనక సైటు. గాడిలోంచి దిమ్మను చూస్తూ, దాని పైఅంచు గాడి పైఅంచులతో ఒకే గీతలో ఉండేలా, దిమ్మకు అటూ ఇటూ కనిపించే సన్నని వెలుతురు సందులు రెండూ సమానంగా ఉండేలా నిలపడమే గురి. కన్ను కొలుస్తున్నది నిజానికి ఆ రెండు సందులనే. రెండు సైట్ల మధ్య దూరం 15 సెంటీమీటర్లు అనుకుందాం. దిమ్మ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల దూరంలోని గురి అట్ట మీద గుండు దాదాపు 7 సెంటీమీటర్లు పక్కకు పడుతుంది.

మసక వెలుతురులో మొదట మాయమయ్యేవి ఆ సందులే. నల్లని దిమ్మ, నల్లని గాడి, వాటి వెనక నల్లబడిన లక్ష్యం, మూడూ ఒకే ముద్దగా కలిసిపోతాయి. దిమ్మ వెనక ముఖం మీద ఒక చుక్క, గాడికి రెండు వైపులా రెండు చుక్కలు పెట్టే పద్ధతి ఈ ఇబ్బంది నుంచే పుట్టింది. మూడు చుక్కలు ఒకే వరుసలో కనిపిస్తే గురి కుదిరినట్టు. అయితే అంచును చూసి గురిపెట్టడంలోని కచ్చితత్వం చుక్కను చూసి గురిపెట్టడంలో రాదు. చేత్తో పెట్టిన చుక్క దిమ్మ నడిమధ్య నుంచి అర మిల్లీమీటరు తప్పినా, ఆ చుక్కనే నమ్ముకున్నవారి గుండు 10 మీటర్ల దగ్గర మూడు సెంటీమీటర్లకు పైగా తప్పుతుంది. పిస్తోలులో ఏ లోపమూ లేకపోయినా రాత్రి గురి ఒకలా, పగటి గురి మరోలా ఉండటానికి ఇదీ ఒక కారణం.

దాచుకున్న వెలుగు

వెలుతురును దాచుకునే పదార్థాల కథ 17వ శతాబ్దం మొదట్లో ఇటలీలోని బొలోన్యా నగరం దగ్గర మొదలైంది. విన్‌చెంజో కాషారోలో చెప్పులు కుట్టేవాడు, రసవాదం మీద మోజు ఉన్నవాడు. అక్కడి కొండ మీద దొరికిన బరువైన రాయిని బొగ్గుతో కలిపి కాల్చాడు. బంగారమైతే రాలేదు కానీ, ఎండలో పెట్టి చీకట్లోకి తెస్తే ఆ రాయి వెలిగింది. తర్వాతి కాలంలో రాగిని రవ్వంత కలిపిన జింక్ సల్ఫైడ్ వచ్చింది. పాత గడియారాల్లో, పిల్లల బొమ్మల్లో కనిపించే లేతాకుపచ్చ మెరుపు దానిదే. అది బాగా కనిపించేది కొన్ని పదుల నిమిషాలు మాత్రమే.

1990లలో జపాన్‌కు చెందిన నెమోటో సంస్థ పరిశోధకులు స్ట్రాన్షియం అల్యూమినేట్‌కు యూరోపియం, డిస్ప్రోసియం మూలకాలను చేర్చి కొత్త పొడిని తయారు చేయడంతో పరిస్థితి పూర్తిగా మారిపోయింది. జింక్ సల్ఫైడ్ కన్నా ఇది ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగుతుంది, రాత్రి పొడుగునా వెలుగుతుంది. ఇందులో రేడియోధార్మికత బొత్తిగా లేదు. నేడు సైట్ల కోసం అమ్మే మంచి వెలుగు రంగుల్లో ఉండేది దాదాపు ఇదే. ఆకుపచ్చ రకం సుమారు 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, నీలి ఆకుపచ్చ రకం సుమారు 490 దగ్గర వెలుగుతాయి.

లోపల జరిగేది ఇది. నీలి కాంతి గానీ అతినీలలోహిత కాంతి గానీ పడినప్పుడు యూరోపియంలోని ఎలక్ట్రాన్లు పై మెట్టుకు ఎగురుతాయి. వాటిలో కొన్ని వెంటనే కిందికి దిగకుండా స్ఫటికంలోని చిన్న చిన్న గుంటల్లో చిక్కుకుంటాయి. పరిసరాల్లోని మామూలు వేడి వాటిని ఒక్కొక్కటిగా ఆ గుంటల్లోంచి పైకి తోస్తుంది. బయటపడినది తిరిగి కిందికి దిగుతూ వెలుగు రేణువును వదులుతుంది. చలిలో చుక్క మందగించడానికీ, వేడిలో ప్రకాశంగా వెలిగి త్వరగా నీరసించడానికీ కారణం ఇదే.

అడుగున సన్నని చిల్లి ఉన్న కుండను ఊహించుకోండి. నిండుగా ఉన్నప్పుడు నీరు జోరుగా కారుతుంది, మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది, చివరికి చాలాసేపు బొట్లుబొట్లుగా రాలుతుంది. ఈ పూత వెలుగు తగ్గే తీరూ అంతే. దీపం ఆర్పిన 10 నిమిషాలకు ఉన్న ప్రకాశంలో, గంట గడిచేసరికి ఆరో వంతో ఏడో వంతో మిగులుతుంది. ఆ తర్వాత తగ్గడం నిదానిస్తుంది. రంగు సీసా మీద ఇన్ని గంటలు వెలుగుతుందని రాసి ఉండే లెక్కను ఇది తెలిసి చదవాలి. వెలుగు పూతలను కొలిచే జర్మన్ డిన్ 67510 ప్రమాణంలో, ప్రకాశం చదరపు మీటరుకు 0.3 మిల్లీకాండెలాకు (కాండెలా వెలుగును కొలిచే ప్రమాణం) పడిపోయేదాకా పట్టే సమయాన్ని లెక్కిస్తారు. చీకటికి పూర్తిగా అలవాటు పడిన కన్ను పసిగట్టగల అతి తక్కువ వెలుగుకు అది సుమారు 100 రెట్లు. అంటే సీసా అబద్ధం చెప్పడం లేదు. కానీ అది చెబుతున్నది చీకట్లో అరగంటకు పైగా ఉన్న కంటి గురించి. దీపాల వెలుగులోంచి అప్పుడే బయటికి వచ్చిన కన్ను ఆ వెలుగును చూడలేదు.

కన్ను చేసే సగం పని

ఒక రాత్రి నేను గాలి పిస్తోలు ముందు సైటుకు ఆకుపచ్చ పూత వేసి, ఆరిన తర్వాత ఎల్‌ఈడీ టార్చి వెలుతురు అర నిమిషం పట్టి, గదిలో దీపాలు ఆర్పి కూర్చున్నాను. మొదటి నిమిషంలో చుక్క చిన్న నిప్పుకణికలా ఉంది. దాని వెలుగు స్లైడు (నాళం మీద వెనక్కీ ముందుకీ జారే పై తొడుగు) పైభాగం మీద పరుచుకుని, ఇనుము మీది గీతలు కూడా కనిపించాయి. అరగంట తర్వాత చూస్తే తగ్గినట్టే అనిపించలేదు. నిజానికి అప్పటికే అది ఎన్నో రెట్లు తగ్గిపోయి ఉంటుంది. అది తగ్గుతున్నంతసేపూ నా కన్ను చీకటికి అలవాటు పడుతూ పదునెక్కింది, రెండూ ఒకదానికొకటి సరిపోయాయి. తెల్లవారుజామున మూడు గంటలకు మళ్లీ చూశాను. చుక్క వైపు సూటిగా చూస్తే లేదు. చూపును కొద్దిగా పక్కకు జరిపితే ఉంది. మళ్లీ సూటిగా చూస్తే లేదు.

ఇందులో మాయ లేదు. కంటి నేత్రపటలంలో వెలుతురును పట్టే కణాలు రెండు రకాలు. శంకు కణాలు పగటి చూపుకు, రంగులకు. దండ కణాలు చీకటి చూపుకు. దండ కణాలు పూర్తిగా పదునెక్కడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. పైగా మనం సూటిగా చూసినప్పుడు బొమ్మ పడే నడిమధ్య చోట దండ కణాలు ఉండవు, శంకు కణాలే కిక్కిరిసి ఉంటాయి. గురి చూడటమంటే ముందు సైటును సూటిగా చూడటమే కదా. బాగా నీరసించిన చుక్క మీద, కంటిలో చీకటికి పనికిరాని చోటునే మనం మోపుతున్నామన్నమాట. సీసా మీది గంటల్లో గురికి అక్కరకొచ్చేవి మొదటి కొన్ని మాత్రమేనని ఆ రాత్రి నా కంటితో నేనే చూశాను.

రంగు ఎంపిక కూడా ఇక్కడే తేలుతుంది. 19వ శతాబ్దం మొదట్లో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే ఒక సంగతి గమనించాడు. పగలు ధగధగలాడే ఎర్ర పూలు మునిమాపు వేళ నల్లబడతాయి, వాటి పక్కనున్న ఆకులే వెలుగుగా కనిపిస్తాయి. దండ కణాలు 500 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే నీలి ఆకుపచ్చకు బాగా స్పందిస్తాయి, ఎరుపును దాదాపు పట్టించుకోవు. చీకట్లో వెలిగే ఎర్ర, నారింజ పొడులు స్వతహాగానే బలహీనం, కన్నూ వాటికి సహకరించదు. సైటుకు ఆకుపచ్చ లేదా నీలి ఆకుపచ్చ తప్ప మరొకటి నేను సూచించను.

పిస్తోలు ఉండేది చీకట్లోనే

ఈ విషయంలో అందరూ దాటేసే చిక్కు ఒకటుంది. గడియారం రోజంతా చేతికి ఉంటుంది, వెలుతురు తాగుతూనే ఉంటుంది. పిస్తోలు అలా కాదు. అది ఒరలోనో, పెట్టెలోనో, తాళం వేసిన అరలోనో ఉంటుంది. గంటల తరబడి చీకట్లో ఉన్న పూతలోని గుంటలన్నీ దాదాపు ఖాళీ అయిపోతాయి. బయటికి తీసిన క్షణాన చుక్క కళ్లు మూసుకునే ఉంటుంది. తీసినవారి కన్నూ అప్పుడే దీపాల వెలుగులోంచి వచ్చి ఉంటే, పూత తన నీరసపు దశలో, కన్ను తన గుడ్డి దశలో కలుసుకుంటాయి.

దీనికి విరుగుడు టార్చి. తెల్లని ఎల్‌ఈడీ లోపల ఉండేది నిజానికి నీలి దీపమే, దాని మీది పసుపు పూత వల్ల వెలుగు తెల్లగా కనిపిస్తుంది. ఆ నీలి భాగం ఈ పొడికి మంచి ఆహారం. దగ్గరగా పట్టిన గట్టి ఎల్‌ఈడీ టార్చి కొన్ని సెకన్లలోనే చుక్కను నింపుతుంది. పాత తీగ బల్బు టార్చిలో నీలి పాలు తక్కువ, అందుకే అది చాలాసేపు పట్టాలి. ఎర్ర దీపం ఎంతసేపు పట్టినా ప్రయోజనం లేదు.

ఎప్పుడు తీసినా వెలుగుతూ ఉండాలంటే ఉన్న మార్గం ట్రిటియం. ఇది హైడ్రోజన్‌లో రేడియోధార్మిక రకం. సన్నని గాజు గొట్టం లోపలి గోడకు వెలిగే పొడిని పూసి, ట్రిటియం వాయువు నింపి మూసేస్తారు. అది వదిలే బీటా కణాలు చాలా బలహీనం, గాజును గానీ మన చర్మాన్ని గానీ దాటలేవు, కానీ పొడిని వెలిగించడానికి చాలు. దానికి టార్చి అక్కర్లేదు, ఎండ అక్కర్లేదు. ట్రిటియం అర్ధజీవిత కాలం 12.3 ఏళ్లు, కనుక పన్నెండేళ్లకు వెలుగు సగమవుతుంది, ఇరవై అయిదేళ్లకు పావు వంతుకు పడిపోతుంది. అప్పుడే టార్చి పట్టిన పూత ముందు ట్రిటియం వెలవెలబోతుంది. కానీ తెల్లవారుజామున పూత ఆరిపోతున్నప్పుడు కూడా ట్రిటియం సాయంత్రం ఎంత ఉందో అంతే ఉంటుంది. ఈ గొట్టాలను సొంతంగా పీకడం, తొలవడం, పగలగొట్టడం చేయకూడదు. చాలా దేశాల్లో వీటి అమ్మకం, పారవేత అణు నియంత్రణ నిబంధనల కిందికి వస్తాయి.

ఇక అసలైన రేడియం. 20వ శతాబ్దం మొదట్లో రేడియాన్ని జింక్ సల్ఫైడ్‌తో కలిపి గడియారాలకు, విమాన పరికరాలకు పూసేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకుల రాత్రి సైట్లకూ వాడారు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్‌లో గడియారాలకు ఆ రంగు వేసిన అమ్మాయిలకు కుంచె మొన పదునుగా ఉండాలంటే పెదవులతో తడపమని నేర్పారు. ప్రతి అంకెకూ కొంత రేడియం వాళ్ల నోట్లోకి వెళ్లింది. దవడ ఎముకలు కుళ్లాయి, ఎందరో చనిపోయారు. అయిదుగురు కోర్టుకెక్కి పోరాడితే 1928లో సంస్థ రాజీకి వచ్చింది. కార్మికుల ఆరోగ్య రక్షణ చట్టాల చరిత్రలో ఆ పోరాటానికి పెద్ద చోటుంది. ఇది పాత ముచ్చట అనుకుని వదిలేయలేం. రేడియం అర్ధజీవిత కాలం 1,600 ఏళ్లు. దాని తాకిడికి పక్కనున్న జింక్ సల్ఫైడ్ కొన్నేళ్లలోనే చచ్చిపోతుంది. అంటే వెలగడం మానేసిన పాత సైటులో రేడియం ఇంకా చెక్కుచెదరకుండా ఉంటుంది. యుద్ధకాలపు ఆయుధం మీద గోధుమ రంగుకు తిరిగిన పూత కనిపిస్తే గీకవద్దు, రుద్దవద్దు, దాని మీద కొత్త రంగు వేద్దామని మొదలుపెట్టవద్దు.

చుక్క కనిపిస్తే చాలా?

తుపాకీ పట్టేవారందరికీ మొదట నేర్పే సూత్రాల్లో ఒకటి, నీ లక్ష్యం ఏమిటో, దాని వెనక ఏముందో తెలిసే దాకా ట్రిగ్గరు మీద వేలు పెట్టవద్దని. వెలిగే సైటు ఈ సూత్రాన్ని మరిపించే ప్రమాదం ఉంది. కటిక చీకట్లో మూడు చుక్కలు చక్కగా వరుసలో కనిపిస్తాయి. ఎదురుగా ఉన్నది దొంగా, నీళ్లు తాగడానికి లేచిన ఇంటి మనిషా అన్నది కనిపించదు. గురి కుదిరిందన్న ధీమా మాత్రం వచ్చేస్తుంది. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఆ ధీమానే.

ఎదుటివారిని గుర్తుపట్టడానికి టార్చి వేస్తే, వెలుతురు పడిన ఒంటి మీద నల్లని సైట్లు నీడబొమ్మల్లా స్పష్టంగా కనిపిస్తాయి. అప్పుడు చుక్క వెలుగుతో పనే ఉండదు. మరి పూత నిజంగా అక్కరకొచ్చేది ఎప్పుడు? మనం నీడలో నిలబడి, లక్ష్యం మీద మాత్రం గుర్తుపట్టేంత వెలుతురు ఉన్నప్పుడు. సంధ్యవేళ కాల్పుల రేంజిలో సాధన చేసేటప్పుడు, చీకటి నేపథ్యం ముందు మసక దీపం కింద అట్టను కాల్చేటప్పుడు. వెలుతురు చాలినంత ఉన్న స్థితికీ బొత్తిగా లేని స్థితికీ నడుమ ఉన్న సన్నని పట్టీ అది.

మూడు చుక్కలూ ఒకే ప్రకాశంతో వెలగడం కూడా నాకు నచ్చదు. చీకట్లో ఏది ముందుదో ఏది వెనకదో తెలియక, ముందు చుక్క పక్క చుక్కకు అవతలికి జారినా గురి కుదిరిందనే అనిపించవచ్చు. ముందు సైటుకు మాత్రమే పూత వేసి, వెనక సైటును నల్లగా వదిలేయడం మంచిది. కంటికి వెళ్లాల్సిన చోటు ఒక్కటే ఉంటుంది.

పూత వేసే తీరు

ముందు పిస్తోలును ఖాళీ చేయాలి. మ్యాగజైన్ (తూటాల అర) తీసి, స్లైడు వెనక్కి లాగి, చాంబర్‌ను (నాళంలో తూటా కూర్చునే చోటును) కంటితో చూసి, వేలితో తడిమి, తూటా లేదని రెండుసార్లు నిర్ధారించుకోవాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. స్లైడును విడదీయడం తెలిసినవారు విడదీసి పని చేయడం ఇంకా మంచిది, రంగు బొట్టు లోపలి భాగాల్లోకి జారే అవకాశం ఉండదు.

పూత ఊడిపోవడానికి మొదటి కారణం నూనె. సైటు ముఖాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూదిపుల్లతో, దూదికి నలుపు అంటడం ఆగేదాకా తుడవాలి. సైటు ప్లాస్టిక్‌ది అయితే అసిటోన్ దగ్గరికి రానీయకూడదు, ముఖం కరిగిపోవచ్చు.

తర్వాత తెల్లరంగు, చాలామంది వదిలేసే మెట్టు ఇది. వెలుగు పొడి రేణువులు అన్ని వైపులకూ వెలుగుతాయి. వెనక్కి వెళ్లిన వెలుగును నల్లని ఇనుము మింగేస్తుంది, తెల్లని అడుగు మన వైపు తిప్పి పంపుతుంది. పలచగా ఒక పూత తెల్ల ఎనామెల్ వేసి పూర్తిగా ఆరనిస్తే, అదే పొడి కంటికి కనిపించేంత తేడాతో వెలుగుతుంది.

పొడిని కలపడానికి రెండు భాగాల పారదర్శక ఎపాక్సీ నమ్మకమైనది. రక్షణ పొర లేని స్ట్రాన్షియం అల్యూమినేట్ నీటితో కలిస్తే విడిపోయి వెలుగు కోల్పోతుంది, అందుకే నీటి ఆధారిత రంగులో కలపాలంటే పొర వేసిన రకమే కావాలి. పొడి బరువైనది, అడుగున చేరిపోతుంది, ప్రతి బొట్టుకూ ముందు కలియబెట్టాలి. సన్నగా నూరితే చుక్క నునుపుగా వస్తుందని అనిపిస్తుంది, కానీ నూరిన కొద్దీ స్ఫటికాలు చితికి వెలుగు తగ్గుతుంది. పొడి దుమ్ము ఊపిరితో లోపలికి పోకుండా ముఖానికి మాస్కు ఉండాలి.

చుక్క ఉండే ముఖం కాల్చేవారి వైపు, అంటే వెనక్కి చూస్తుంది. స్లైడును పడుకోబెట్టి పూస్తే బొట్టు కిందికి జారి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. గుడ్డ చుట్టి, వెనక కొస పైకి ఉండేలా నిలబెడితే సైటు ముఖం ఆకాశం వైపు తిరుగుతుంది. పళ్లపుల్ల మొనతో చిన్న బొట్టు తీసుకుని నడిమధ్యన తాకించి వదిలేస్తే, అది తనంతట తానే గుండ్రంగా సర్దుకుంటుంది. సైటులో ముందే చిన్న గుంట ఉంటే అదృష్టం, బొట్టు అందులో కూర్చుని కాల్పుల కుదుపుకు ఊడదు. గుంట లేనప్పుడు ఒకేసారి దళసరిగా పెట్టకుండా, ఆరనిస్తూ రెండు మూడు పలచని పూతలు వేయాలి. పైన పారదర్శక ఎపాక్సీ పొర ఒకటి ఉంటే తుపాకీ శుభ్రం చేసే ద్రావకాల నుంచి కొంత కాపు. అయినా ఆ ద్రావకాన్ని చుక్క మీదికి రానీయకపోవడమే మేలు.

పూత పూర్తిగా గట్టిపడిన తర్వాత ఒక పరీక్ష చేయండి. ఖాళీ పిస్తోలును మీరు మామూలుగా ఉంచే ఒరలోనో పెట్టెలోనో రాత్రంతా ఉంచండి. మర్నాడు సాయంత్రం దీపాలున్న గదిలోంచి చీకటి గదిలోకి వెళ్లి, వెంటనే దాన్ని బయటికి తీసి చూడండి. తర్వాత టార్చి అయిదు సెకన్లు పట్టి మళ్లీ చూడండి. మొదటిసారి మీకు చుక్క కనిపించకపోతే, రెండోసారి కనిపిస్తే, పూత సరిగ్గానే పడినట్టు.